మీ ఇంట్ల ఎవ్వలికన్న ఉన్నదా?

కేస్ షీటులో చివరి గడి ఒకటి ఉంటుంది. పేరు, వయసు, ఊరు, ఎన్ని రోజుల నుంచి నొప్పి, ఇవన్నీ రాశాక వస్తుంది: కుటుంబంలో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా? కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు ఆ గడిలో 'నిల్' అని రాసి పేజీ తిప్పేయడం నేను వందసార్లు చూశాను. మీరు కూడా అలాగే రాస్తుంటారు, నాకు తెలుసు, మొహం అమాయకంగా పెట్టకండి.

నేనూ రాశాను. ఆ రెండక్షరాల వల్ల ఒక నిండు మనిషి ప్రాణం మీదికి వచ్చింది. మీకు బుద్ధి చెప్పడానికి ఇది రాస్తున్నాననుకోవద్దు. నాకు బుద్ధి ఎలా వచ్చిందో చెబుతున్నాను, అంతే.

డెబ్బైల చివర్లో సంగతి. వరంగల్‌లో ఒక సర్కారు దవాఖానలో ఆడవాళ్ల సర్జికల్ వార్డుకు నేను సిస్టర్‌ని. పుట్టింది కాజీపేట రైల్వే క్వార్టర్లలో. మా నాన్న లోకోషెడ్డులో పని చేసేవాడు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఉర్దూ, ఎదురింట్లో అరవం, ఇవన్నీ వింటూ పెరిగినదాన్ని కాబట్టి ఏ మనిషితోనైనా వాళ్ల మాటలో మాట్లాడగలనని నాకు మహా గర్వం. ఆ గర్వాన్ని ఇంకా పెంచినవాడు మా పెద్ద సార్.

పెద్ద సార్ కృష్ణా జిల్లా నుంచి వచ్చిన సర్జన్. చేతిలో దేవుడున్న మనిషి. నోట్లో మాత్రం పుస్తకం ఉండేది. రౌండ్సులో మంచం దగ్గర నిలబడి, "ఏమ్మా, మలవిసర్జన సజావుగా జరుగుతున్నదా?" అని అడిగేవాడు. ఆ పరకాల ముసలమ్మ ఆయన మొహం చూసేది, తర్వాత నా మొహం చూసేది. "అవ్వా, దొడ్డికి మంచిగ వోతానవా అని అడుగుతాండు సారు" అనేదాన్ని నేను. "ఆఁ, పోతాన బిడ్డా" అనేది ఆమె. సార్ తల ఊపి, "సిస్టర్, నా నాలుక మీ దగ్గరుంది" అనేవాడు. నా మెడ అంగుళం పెరిగేది.

ఆ ఏడు మొదటి వానలు పడ్డ రోజులు. దవాఖాన గేటు ముందు నేరేడుపండ్ల బుట్టలు వరసగా పెట్టి అమ్ముతున్నారు. పొద్దున పది గంటలకు ఒక మనిషి పదహారేళ్ల పిల్లను భుజాన వేసుకుని వార్డులోకి పరుగెత్తుకొచ్చాడు. గడప దగ్గర ఆపుదామని లేచినదాన్ని, అతని మొహం చూసి మంచం చూపించాను. బలమైన భుజాలు, పెదవిని పూర్తిగా కప్పేసిన గుబురు మీసం. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. వెనక సంచీ పట్టుకుని ఆ పిల్ల తల్లి.

"నా బిడ్డమ్మా. నర్సంపేట పక్కన మాది. నిన్నటి సంది కక్కుతాంది. కడుపుల గడ్డ తిరుగుతాంది. వీడు నా తమ్ముడు, ఈడనే గల్ల మార్కెట్ల హమాలి. బస్సు దిగి వీణ్ణి పిలుసుకొని వచ్చిన" అంది ఒక్క ఊపిరిలో.

పిల్ల మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని మూలుగుతోంది. మా ఆయమ్మ నీళ్ల గిన్నె తెచ్చింది. ఆయమ్మది మట్టెవాడ. మా అందరికంటే పాత మనిషి, డాక్టర్లను కూడా బేటా అని పిలిచేది. పిల్ల గడ్డం పట్టుకుని, "అరె బేటీ, నేరేడుపండ్లు తిన్నవా? గందుకే కడుపు నొస్తాంది. మూతి జూడు ఎట్లున్నదో" అంది.

"తినలే" అంది పిల్ల.

కింది పెదవి మీద, పై పెదవి మీద, నోటి చుట్టూ నల్లటి చుక్కలు. నేనూ నేరేడు మరకలే అనుకున్నాను. రౌండ్సుకు ముందు పేషెంటు మొహం శుభ్రంగా ఉండాలని నాకు పిచ్చి. దూది తడిపి తుడిచాను, పోలేదు. స్పిరిట్ పెట్టి రుద్దాను, పెదవి ఎర్రబడింది గానీ చుక్క కదల్లేదు. పిల్ల ఆ నొప్పిలోనే నా చెయ్యి పట్టుకుంది.

"అది పోదక్కా. చిన్నప్పటి సంది ఉన్నది. బడిల నన్ను నేరేడు మూతి అని పిలుత్తరు."

నాకు సిగ్గేసింది. దూది పారేసి ఊరుకున్నాను.

పెద్ద సార్ వచ్చాడు. కడుపు మీద చెయ్యి వేశాడు, కుడి పక్కన బెండకాయంత గడ్డ చేతికి తగిలింది. ఆపరేషన్ అన్నాడు. అంతలో పిల్ల మొహం వైపు చూసి ఆగిపోయాడు. టార్చ్ అడిగి, పెదవి తిప్పి, బుగ్గ లోపలికి వెలుగు వేసి చాలాసేపు చూశాడు. ఆయన చెయ్యి అలా ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

"సిస్టర్, ఇది నేను పుస్తకంలో మాత్రమే చూశాను" అన్నాడు మెల్లగా. "మూతి మీద ఈ మచ్చలు, పేగుల్లో గడ్డలు, రెండూ కలిసి వస్తాయి. ఇద్దరు విదేశీ డాక్టర్ల పేర్లు పెట్టారు దీనికి. చాలా అరుదు. రక్తంలో నడిచే జబ్బు, తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. ఒకళ్లకుంటే ఇంకొకళ్లకు ఉండే ఉంటుంది. వీళ్ల కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా ఉందేమో అడగండి."

తల్లి మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంది. నేను తిరిగి, నాకు మహా బాగా వచ్చిన ఆమె మాటలో అడిగాను:

"ఏమమ్మా, మీ ఇంట్ల ఎవ్వలికన్న గిట్ల మూతి మీద మచ్చలున్నయా? కడుపునొప్పి వచ్చి ఎవ్వలన్న పోయిండ్రా?"

"లేదమ్మా. మా ఇంట్ల ఎవ్వలికి లేదు" అంది తడుముకోకుండా.

కేస్ షీటు తీసి చివరి గడిలో రాశాను. నిల్.

ఆపరేషన్‌కు రక్తం కావాలన్నారు. మీసాల తమ్ముడు ముందుకొచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నాది తీసుకోండ్రి, మా అక్క బిడ్డకు గాకపోతే ఎవ్వలికి?" అన్నాడు. ల్యాబ్ నుంచి చీటీ వచ్చింది: ఇతనిలోనే రక్తం తక్కువుంది, పనికిరాడు. మేమంతా నవ్వాం. నిండు బస్తాలు మోసే మనిషి, రక్తం లేదట! "ఏందయ్యా, బస్తాలు మీసాలతోని మోస్తానవా?" అన్నాను నేనే. అతనూ నవ్వాడు. చివరికి రక్తం వేరేచోట తెప్పించాం. ఆ చీటీని ఎవరూ రెండోసారి చూడలేదు.

థియేటర్‌లో పొట్ట తెరిస్తే, చొక్కా చెయ్యి లోపలికి మడతపడ్డట్టు పేగులో పేగు దూరిపోయి ఉంది. లోపల గడ్డ ఒకటి ముందు నడిచి, పేగును వెంట లాక్కుపోయిందన్నమాట. సార్ జానెడు ముక్క తీసేశాడు. మిగిలిన పేగంతా వేళ్లతో తడిమి, తగిలిన గడ్డలన్నీ ఒక్కొక్కటే తీశాడు. పదిహేను దాకా ట్రేలో వేశాం. పిల్ల బతికింది.

చేతులు కడుక్కుంటూ సార్, "ఆ తల్లిని మళ్లీ అడగండి సిస్టర్. ఎక్కడో ఒకచోట ఉండాలి" అన్నాడు.

"అడిగాను సార్" అన్నాను. నా గొంతులో కొంచెం విసురు ఉంది. నా పనిని రెండోసారి చూడమంటే నాకు ఒళ్లు మండుతుంది, ఇప్పటికీ అంతే.

"మళ్లీ అడగండి."

థర్మామీటర్ విదిలిస్తూ, నడుస్తూ నడుస్తూ అడిగాను. "ఏమమ్మా, సారు మల్ల అడుగుతాండు. మీ ఇంట్ల ఎవ్వలికి లేదు గదా?" అలా అడిగితే ఎవరైనా ఏమంటారు? "లేదమ్మా" అంది. అదే మాట సార్‌కు చేరవేశాను. అయితే ఈ పిల్లతోనే మొదలైందేమో, అలా కూడా జరుగుతుందని పుస్తకంలో ఉందన్నాడు ఆయన. కానీ ఆ మాట అంటూ నా మొహంలోకి చూశాడు.

తర్వాతి పది రోజులు వార్డులో ఆ తమ్ముడే సందడి. మధ్యాహ్నం బస్తాలు దించి, ఒంటి మీద మిరప ఘాటుతో వచ్చేవాడు. అతను అడుగుపెట్టగానే వార్డంతా తుమ్ములు. "మామా, నువ్వు రాకు, కుట్లు తెగుతయ్" అని మొత్తుకునేది పిల్ల. నా భర్తవాళ్లది హనుమకొండ అని తెలిసి, "సిస్టరమ్మా, మీ ఇంటి సందు మొదట్లనే మా రూము" అని చుట్టరికం కలిపాడు. ఎవరికి మంచం జరపాలన్నా, ఎవరికి నీళ్లు కావాలన్నా అతనే. మధ్యలో ఒకరోజు గోడకు ఒరిగి, కడుపు పట్టుకుని కూర్చున్నాడు. ఏమైందంటే, "ఏం లేదు, జర పట్టేసింది. పొద్దటి సంది తినలే" అన్నాడు.

అప్పట్లో ప్రతి వార్డులో ఒక పెద్ద సీసా ఉండేది, గులాబి రంగు మందు. కడుపుబ్బరానికి అదే, అజీర్ణానికి అదే. దయగల మహారాణిలా ఒక గ్లాసెడు పోసి ఇచ్చాను. "తాగు, పోతది" అన్నాను. రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చి, "ఆ గులాబి మందు జర పొయ్యి సిస్టరమ్మా" అంటే మళ్లీ పోశాను. మూడోసారి కూడా. నా వార్డులో సీసా, నా చేతిలో గ్లాసు, నా కళ్ల ముందు మనిషి. ఒక్కసారైనా అతన్ని మంచం మీద పడుకోబెట్టి పొట్ట చూడాలనిపించలేదు. చుట్టం కదా, పేషెంటు కాదు కదా.

పదకొండో రోజు పొద్దున పిల్లకు కుట్లు తీసి ఇంటికి పంపిస్తున్నాం. తల్లి సంచీ సర్దుతోంది. తీసుకుపోవడానికి రావలసిన తమ్ముడు రాలేదు.

"నీ తమ్ముడేడి? మీసం దువ్వుకుంటాండా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "వానికి రాత్రి సంది కడుపునొప్పి లేసిందమ్మా. గడ్డ కట్టింది. పొద్దుగాల్నే మందు తీపిచ్చుకుంటనని ములుగు తొవ్వల పోయిండు."

మా వైపు మందు తీయించుకోవడం అంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను. గిట్టనివాళ్లు అన్నంలో ఏదో కలిపి పెట్టారని, అది కడుపులో గడ్డకట్టిందని నమ్మకం. దాన్ని తీసేవాళ్లు ఉంటారు. ఆకు పసరు తాగించి వాంతి చేయిస్తారు, అదీ కాకపోతే విరేచనాలకు ఇస్తారు.

"ఎవలు పెట్టిండ్రు మందు?"

"మా తల్లిగారింటికే పెట్టిండ్రమ్మా, ఏ కాలంలనో. మా నాయిన గిదే నొప్పితోని పోయిండు. మా అక్క పదిహేనేండ్లకే పోయింది. ఇగ వీని మీదికి వచ్చింది."

నా చేతిలో కుట్లు తీసిన కత్తెర ఉంది. అది ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు.

"మీ అక్కకు మూతి మీద మచ్చలుండెనా?"

"ఉండె. మా నాయినకు చిన్నప్పుడు ఉండెనట. వీనికి గూడ ఉండె, పెద్దగైన కొద్ది పలసవడ్డయ్. పెండ్లిసూపులల్ల పిల్లలు నవ్వుతరని మీసం పెంచిండు."

"మరి నేను రెండుసార్లు అడిగితే ఎవ్వలికి లేదన్నవ్!" అని అరిచాను. ఆయమ్మ బకెట్ కింద పెట్టేసింది.

ఆమె నన్ను అయోమయంగా చూసింది. "నువ్వు మా ఇంట్ల అని అడిగినవు గదమ్మా. మా ఇంట్ల ఎవ్వలికున్నది? మా అత్తకు లేదు, మామకు లేదు, మా మరిదికి లేదు. గది మా తల్లిగారిల్లు."

సార్ 'కుటుంబం' అన్నాడు. దాన్ని 'ఇల్లు' చేసింది నేను. పెళ్లయిన ఆడదానికి ఇల్లంటే ఏదో తెలియని దొరసానినా నేను?

సార్ గదికి పరుగెత్తాను. ఆయన థియేటర్‌కు బయలుదేరుతున్నాడు. ఒగరుస్తూ చెప్పాను. ఆయన కోప్పడలేదు. "మీ ఇల్లెక్కడ సిస్టర్?" అని అడిగాడు.

"హనుమకొండ సార్."

"మీరు పుట్టింది?"

"కాజీపేట..." అని ఆగిపోయాను. కొట్టినా అంత తగిలేది కాదు.

"దవాఖాన జీపు తీసుకెళ్లండి. అతని పేగు కూడా అలాగే మడతపడి ఉంటుంది. దాని మీద వాంతి మందో, విరేచనాల మందో పడితే పేగు తెగుతుంది. ఏదీ తాగనివ్వకండి, మంచినీళ్లు కూడా. నేను టేబుల్ ఖాళీగా ఉంచుతాను" అన్నాడు.

జీపులో డ్రైవర్ పక్కన తల్లి, వెనక నేను, ఒక సెలైన్ సీసా. బయట వాన ముసురు పట్టింది. ఊరు దాటాక ఆమె ఒక్కటే అడిగింది: "సిస్టరమ్మా, నా బిడ్డకు తీసినట్టే వీనికి గూడ తీస్తరు గదా?" "తీస్తరు" అన్నాను. నేను ఎంత నమ్మకంగా అన్నానో నాకే భయం వేసింది.

సగం దారిలో వాగు. కాజ్‌వే మీద నుంచి ఎర్రటి నీళ్లు పోతున్నాయి. డ్రైవర్ బండి ఆపేశాడు. "పోదమ్మా. లోతెంతున్నదో తెల్వదు. బండి కొట్టుకపోతే నా నౌకరి పోతది." నేను తిట్టాను, బతిమాలాను. అతను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అతని తప్పేం లేదు, నీళ్లు అలాగే ఉన్నాయి.

తల్లి దిగింది. నేను వద్దు వద్దంటుండగానే చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నీళ్లలోకి నడిచింది. చీలమండ, పిక్క, మోకాలు. మధ్యలో ఒకసారి తూలింది. కాజ్‌వే అంచు రాళ్లను కాలితో వెతుక్కుంటూ అవతలి ఒడ్డుకు చేరి, ఇటు తిరిగి గొంతు చించుకుని అరిచింది:

"మోకాళ్లకే ఉన్నది! నేను నడిసిన జాడలనే రా! రారా కొడుకా!"

డ్రైవర్ ఏదో గొణుక్కుని గేరు వేశాడు. జీపులోకి నీళ్లొచ్చాయి, ఇంజన్ దగ్గింది, దాటాం.

మందు తీసేవాడి పాక రోడ్డుకు ఫర్లాంగు లోపల. పది పదిహేను మంది, ఫీజు కింద ఇవ్వడానికి కోళ్లు పట్టుకుని వరసలో కూర్చున్నారు. పక్కన గోనెసంచి మీద మా మీసాల మనిషి ఒక పక్కకు ముడుచుకుని ఉన్నాడు. అతని ముందు నేల మీద ఆకుపచ్చటి వాంతి. మందు తీసేవాడు ముసలివాడు. నా తెల్ల బట్టలు చూసి లేచి నిలబడ్డాడు. నేను అతన్ని చెడామడా తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

"రెండు గిలాసలు తాపిన తల్లీ. పసరు ఎల్లింది గని గడ్డ ఎల్లలే. కడుపు చెక్క లెక్కయింది. ఇది నాతోని అయ్యేది గాదు, పట్నం దవాఖానకు తీసుకపోండ్రి అని ఇప్పుడే అంటాన. జల్ది తీసుకపో" అన్నాడు.

నాకు తిట్టడానికి ఏమీ మిగల్లేదు. అతను రెండు గ్లాసులు తాగించి తన మందు పనికిరాదని ఒప్పుకున్నాడు. నేను మూడు పోసి కూడా ఒప్పుకోలేదు.

మోకాళ్ల మీద కూర్చుని, అతని మీసం పైకెత్తి చూశాను. పెదవి మీద వెలిసిపోయిన చుక్కలు. బుగ్గ లోపల ఆవగింజలు చల్లినట్టు నల్లగా, చిక్కగా. పది రోజులు నా ఎదుట నవ్విన నోరు అది.

అతను కళ్లు తెరిచాడు. "సిస్టరమ్మా, నువ్వా? నీ గులాబి మందు పనిచేయలే" అన్నాడు. నవ్వబోయాడు.

తిరిగి వస్తుంటే వాగు ఇంకా పెరిగింది. డ్రైవర్ ఈసారి ఆపలేదు. నేను వెనక సీట్లో అతని తల ఒళ్లో పెట్టుకుని, సెలైన్ సీసా పైకెత్తి పట్టుకున్నాను. చెయ్యి మారిస్తే సూది కదులుతుందేమోనని వరంగల్ దాకా అదే చేత్తో పట్టుకున్నాను. ఆ భుజం ఇప్పటికీ చలికాలంలో నొప్పి పెడుతుంది.

సార్ మాట ప్రకారం టేబుల్ ఖాళీగా ఉంచాడు. పొట్ట తెరిచాడు. మూరెడు పేగు నల్లబడిపోయి ఉంది, ఒకచోట అప్పటికే తెగింది. ల్యాబ్ చీటీలో తక్కువైన రక్తం ఇన్నాళ్లూ ఆ గడ్డల నుంచే కారిపోయింది. సార్ మూడు గంటలు నిలబడ్డాడు. ఆ మూడు గంటల్లో ఆయన ఒక్క మాట కూడా పుస్తకం భాషలో మాట్లాడలేదు. అసలు మాట్లాడనే లేదు.

మూడో రోజు మధ్యాహ్నం అతను పోయాడు.

మగవాళ్ల వార్డు బయట బెంచీ మీద అతని అక్క కూర్చుని ఉంది. నేను వెళ్లి ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాను. నర్సమ్మ నేల మీద కూర్చోవడం చూసి పోయేవాళ్లు ఆగారు, నాకు పట్టలేదు. "నన్ను తిట్టు" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది.

"నువ్వడిగింది గట్ల. నేను చెప్పింది గిట్ల. ఏం జేత్తం" అంది.

తిడితే బాగుండేది. కొంచెమన్నా బరువు దిగేది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. తాతకు ఉంది, మనవరాలికి ఉంది. మధ్యలో ఉన్న మనిషి నా తల మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఆమె పెదవులు శుభ్రంగా ఉన్నాయి. "జర నోరు తెరువు" అన్నాను. ఆ సమయంలో అలా అడగడం ఎంత ఘోరమో నాకు తెలుసు. కానీ ఇంకొక రోజు ఆగే ధైర్యం నాకు లేదు. ఆమె నోరు తెరిచింది. బుగ్గల లోపల అవే చుక్కలు.

"నీకు కడుపునొప్పి వస్తదా?"

"ఆడిదానికి కడుపునొప్పి రాకుంట ఉంటదా అమ్మా?" అంది. అన్నేళ్లుగా వస్తోందట. చెప్పుకోవాల్సిన నొప్పి అని ఆమె అనుకోనేలేదు.

దినాలయ్యాక కూతురే తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. బేరియం తాగించి తీసిన ఎక్స్‌రేలో గడ్డలు కనబడ్డాయి. పేగు మడతపడకముందే సార్ తీసేశాడు. ఆమె బతికింది.

ఆ పిల్ల కేస్ షీటు సార్ టేబుల్ మీద ఉండేది. నా 'నిల్' కొట్టేద్దామని పెన్ను తీస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండనివ్వండి. కింద రాయండి" అన్నాడు. రాశాను: తాత, పెద్దమ్మ, మేనమామ, తల్లి. గడి సరిపోలేదు, అంచు దాకా పోయింది. ఆ తర్వాత సార్ కూడా రోజూ రౌండ్సయ్యాక ఆయమ్మ దగ్గర కూర్చుని మా మాట నేర్చుకోవడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆయన నోట 'దొడ్డికి' అన్న మాట వింటే వార్డంతా నవ్వేది.

నేను మాత్రం ఆ రోజు నుంచి ఒకే ప్రశ్నతో ఊరుకోలేదు. నీ అత్తగారింట్ల? నీ తల్లిగారింట్ల? నీ తల్లి పుట్టినింట్ల? అవ్వ ఎట్ల పోయింది, తాత ఎట్ల పోయిండు? మందు వెట్టిండ్రని ఎవ్వలన్న అన్నరా? కుర్ర డాక్టర్లు, "సిస్టర్ సంబంధం మాట్లాడుతోంది, లగ్గం ఎప్పుడో?" అని ఏడిపించేవాళ్లు. ఏడిపించనీ అనుకునేదాన్ని. పేషెంటు పక్కన నిలబడ్డ చుట్టం కడుపు పట్టుకుంటే మాత్రం ఎవరి మాటా వినకుండా మంచం ఎక్కించేదాన్ని. గులాబి మందు సీసాను బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఎనభైల చివర్లో, అదే వానల కాలంలో, ఒకామె నాలుగేళ్ల పిల్లను చంకనెత్తుకుని వార్డులోకి వచ్చింది. ఆమె పెదవుల మీద చుక్కలు బాగా వెలిసిపోయాయి గానీ గుర్తుపట్టాను. సార్ అప్పటికి రిటైరయ్యాడు, ఆయమ్మ లేదు. నేను నోరు తెరవకముందే ఆమె చెప్పేసింది:

"మా అత్తగారింట్ల ఎవ్వలికి లేదు సిస్టరక్కా. తల్లిగారింట్ల తాతకు, పెద్దమ్మకు, మామకు, మా అమ్మకు, నాకు. ఇగ దీని నోరు జూడు. ఇంటికాడ జూసేటందుకు నాకు ధైర్యం సాలలే."

పిల్లను కిటికీ దగ్గర స్టూల్ మీద కూర్చోబెట్టాను. కింది పెదవి మీద, సరిగ్గా మధ్యలో, నల్లటి చుక్క.

తల్లి అది చూసింది. గోడ పట్టుకుంది.

"నేరేడుపండ్లు తిన్నవా బిడ్డా?" అన్నాను.

"ఆఁ, తిన్న" అంది పిల్ల.

నోటి జవాబును నమ్మడం నేను ఎప్పుడో మానేశాను. దూది తడిపాను. స్పిరిట్ కాదు, ఉత్త నీళ్లు. మెల్లగా తుడిచాను, కదల్లేదు. ఇంకోసారి తుడిచాను. దూది ఊదారంగుకు తిరిగింది. పెదవి శుభ్రంగా బయటపడింది. టార్చ్ వేసి రెండు బుగ్గల లోపలా చూశాను, పెదవి తిప్పి చూశాను, చిగుళ్లు చూశాను. ఎక్కడా ఏమీ లేదు.

"నాకు దీని ఈడుకు మూతి నిండ ఉండె" అంది తల్లి. అంటూనే నేల మీద కూలబడి, గేటు కాడ కొనిపిచ్చిన, తుడుసుడు మరిచిన అని ఏడుస్తూ నవ్వింది. ఇంకా కొన్నేళ్లు చూడాలని, ఏటేటా తీసుకురావాలని, కడుపునొప్పి అంటే ఆ రోజే బస్సెక్కాలని గట్టిగా చెప్పాను. తల ఊపింది.

వాళ్లు వెళ్లిపోయారు. చెత్తబుట్ట నా కాలి పక్కనే ఉంది. ఆ ఊదారంగు దూదిని మాత్రం అందులో వేయలేక చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.